‘అందరూ అలా ఉండరు’ అనే మాట ఎవరు అనాలి?

ప్రశ్న:

మేడమ్, నేను ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న హెడ్ కానిస్టేబుల్. నెల కిందట ఒక పోలీసాయన నడిరోడ్డు మీద ఆటో డ్రైవర్‌ని చెంప మీద కొట్టిన వీడియో మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అందరూ పోలీసుల్ని బూతులు తిడుతుంటే తట్టుకోలేక ‘అందరూ అలా ఉండరు, వాళ్ళ కష్టాలు మీకేం తెలుసు’ అని రాశాను. 2024లో మున్నేరు వరద వచ్చినప్పుడు నాన్న మూడు రోజులు ఇంటికి రాలేదని కూడా రాశాను. అప్పటి నుంచి అందరూ నా మీద పడ్డారు. ‘మామూళ్ళ డబ్బుతో ఫీజు కట్టుకుంటున్నావు, నువ్వా మాకు చెప్పేది’ అన్నారు. ఒకబ్బాయి నా స్టేటస్‌లోంచి నాన్న యూనిఫాం ఫొటో తీసి, మా వీధి పేరు రాసి వేరే గ్రూపుల్లో పెట్టాడు. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, చిన్నప్పటి నుంచి కలిసి చదువుకున్న నా స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. పోయిన ఏడాది వాళ్ళ అన్నని బైకు దొంగతనం అనుమానంతో తీసుకెళ్ళి, రెండు రోజులు స్టేషన్లో పెట్టి కొట్టి, ఏ కేసూ లేకుండా వదిలేశారట. అది నాన్న పనిచేసే స్టేషన్ కాదు. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. అమ్మ కూడా ఈమధ్య కూరగాయల బండి దగ్గర ముందు డబ్బులు చేతిలో పెట్టి, ఆ తర్వాతే కూరగాయలు ఏరుకుంటోంది, ఎవరూ ఒక మాట అనకూడదని. ఇవేవీ నాన్నకి తెలియవు. ఇంకొక మాట ఎవరికీ చెప్పలేదు. ఆ వీడియో చూసినప్పటి నుంచి, నాన్న కూడా ఎప్పుడైనా ఎవరినైనా అలా కొట్టాడా అని మనసులో తిరుగుతోంది. అడగాలంటే భయం. అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల పరేడ్‌కి రమ్మని నాన్న పిలుస్తున్నాడు. ఏదో సాకు చెబుతున్నాను. పోలీసుల వైపు మాట్లాడటం తప్పా?

— పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

తల్లీ,

నీ ఉత్తరం చదువుతూ మీ అమ్మ కూరగాయల బండి సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎవరో ఎక్కడో ఉచితంగా తీసుకున్న కూరగాయలకి, ఎన్నడూ తీసుకోని మీ అమ్మ లెక్క చెప్పుకోవాల్సి వస్తోంది. ఈ అవమానం గురించి బయట ఎవరూ మాట్లాడరు. పోలీసుల మీద కోపం ఉన్నవాళ్ళకి ఇది కనబడదు. పోలీసుల్ని పొగిడేవాళ్ళు కూడా దీన్ని పట్టించుకోరు.

నీ ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. మీ నాన్న వైపు మాట్లాడటం తప్పు కాదు. కానీ ఆ రోజు గ్రూపులో ఉన్నది మీ నాన్న వీడియో కాదు. ఒక మనిషి చెంప దెబ్బ తిన్న వీడియో. దెబ్బ తిన్నవాడి గురించి ఒక్క మాట లేకుండా నువ్వు మున్నేరు వరద గురించి చెప్పావు. నీ మనసులో మీ నాన్న ఉన్నాడు కాబట్టి నువ్వు ఆయన గురించే రాశావు. చదివినవాళ్ళకి మాత్రం కొట్టినాయన్ని వెనకేసుకొచ్చినట్టే వినిపించింది. అంతమంది కలిసి ఒక ఆడపిల్ల చదువు మీదా, ఫీజు మీదా పడటం నీచమైన పని, అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయినా నీ మాట వాళ్ళకి అలా ఎందుకు వినిపించిందో నీకు తెలియాలని చెబుతున్నాను.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా తమ్ముడు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒక రాత్రి పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. పల్లెల్లోకి అన్నలు (నక్సలైట్లు) వస్తూ పోతూ ఉండే కాలం అది. ఎవరికో అన్నం పెట్టారని ఒకరినీ, ఎవరితోనో మాట్లాడారని ఇంకొకరినీ పట్టుకెళ్ళేవాళ్ళు. వాడు ఏం చేశాడో మాకు ఎవరూ చెప్పలేదు. రాత్రి పది దాటాక ఒక కానిస్టేబుల్ సైకిల్ మీద మా గుమ్మం ముందుకి వచ్చి, ‘అమ్మా, మీ పిల్లవాడు మా దగ్గరున్నాడు. పొద్దున్నే ఊరి పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని రండి. నేను చెప్పానని మాత్రం అనకండి’ అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయాడు. పొద్దున వెళ్ళి తెచ్చుకున్నాం. అరికాళ్ళు వాచి వాడు నడవలేకపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా అమ్మ ఆ స్టేషన్ ముందు నుంచి నడవలేదు, చుట్టూ తిరిగి వెళ్ళేది. కానీ సైకిల్ మీద వచ్చిన ఆ మనిషిని మాత్రం తలుచుకునేది. ‘వాడు రాకపోతే ఏమయ్యేదో’ అనేది.

పోలీసుల్లో మంచివాళ్ళు ఉంటారని నాకు ఆ రాత్రే తెలుసు. మా వాడి కాళ్ళు కొట్టింది కూడా పోలీసులేనని అంతే బాగా తెలుసు. ఆ రోజుల్లో పక్కింటి వాళ్ళెవరైనా వచ్చి ‘అందరూ అలా ఉండరమ్మా’ అని ఉంటే నేను వాళ్ళ ముఖం చూసేదాన్ని కాదు. ఆ మాట అబద్ధం కాకపోయినా సరే. ఆ మాట నేను అనుకోవాలి, మా అమ్మ అనుకోవాలి, మాకు మేముగా ఎప్పుడో ఒకప్పుడు. దెబ్బ తగిలిన ఇంటివాళ్ళకి దాన్ని బయటివాళ్ళు చెప్పకూడదు. చెబితే, మీ దెబ్బ గురించి ఇక చాలు అన్నట్టు ఉంటుంది.

నీ స్నేహితురాలికి గ్రూపులో కనబడింది అదే మాట. వాళ్ళ అన్న సంగతి నీకు తెలియక రాశావు, నిజమే. ఏడాది పాటు నీకు ఎందుకు చెప్పలేదో ఆలోచించావా? నువ్వు పోలీసు కూతురివని జాగ్రత్త పడింది. నీకు చెబితే నువ్వు ఇబ్బంది పడతావనో, లేక మీ నాన్నకి చేరుతుందనో. ఆ రెండింటిలో ఏదైనా, ఆ అమ్మాయి ఏడాది పాటు నీతో నవ్వుతూ తిరుగుతూ లోపల ఈ బరువు మోసింది. నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. ‘మీ అన్న సంగతి నాకు తెలియదు. తెలియకుండా రాశాను. నాకు చెబుతావా?’ అని అడిగి ఊరుకో. తిడితే విను. మీ నాన్న గురించి ఆమె ఒక మాట అన్నా ఆ రోజుకి జవాబివ్వకు. వరద సంగతి ఎత్తకు. మాట్లాడనని తలుపు వేసేస్తే తిరిగి వచ్చేయి, మళ్ళీ పది రోజులాగి వెళ్ళు.

వాళ్ళు వింటామంటే చెప్పాల్సిన విషయం కూడా ఒకటుంది. ఎవరినైనా అరెస్టు చేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ప్రయాణానికి పట్టే సమయం ఆ లెక్కలోకి రాదు. రెండు రోజులు కాగితం లేకుండా ఉంచడం ‘విచారణ’ కాదు, చట్టవిరుద్ధంగా నిర్బంధించడం. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చి చెప్పింది: అరెస్టు చేసే పోలీసు పేరు కనబడేలా బ్యాడ్జి ఉండాలి, అరెస్టు మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టాలి, 48 గంటలకొకసారి వైద్య పరీక్ష చేయించాలి. 2020 డిసెంబరులో ఇంకో తీర్పులో ప్రతి స్టేషన్లో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డుని 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది ఉంచాలని ఆదేశించింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయాలన్నా జరిగిన నాటి నుంచి ఏడాది లోపే చేయాలి. ‘పోయిన ఏడాది’ అన్నావు కాబట్టి తేదీ చూసుకోమని చెప్పు. రోజులు తక్కువగా ఉండొచ్చు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. చాలామంది భయంతో చేయరు, ఆ భయాన్ని నేను తప్పు పట్టను. మా ఇంట్లో మేమూ చేయలేదు.

ఇందులోకి మీ నాన్నని లాగకు. ‘మా నాన్నతో చెప్పి ఆ స్టేషన్లో మాట్లాడిస్తాను’ అని నువ్వు ప్రేమతోనే అనొచ్చు. ఆయన ఉద్యోగానికి అది ఇబ్బంది, వాళ్ళకేమో మళ్ళీ పోలీసు దయ మీద ఆధారపడినట్టు అవుతుంది.

ఇప్పుడు, నీ క్లాసువాళ్ళకి అంత కోపం ఎక్కడిది అన్న సంగతి. ఆ వీడియో ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. మీ జిల్లాలోనే ముదిగొండ ఉంది. 2007 జులై 28న భూమి కోసం జరిగిన బంద్‌లో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. మీ క్లాసులో సగం మంది అప్పటికి పుట్టి ఉండరు, పుట్టినవాళ్ళు చంటిపిల్లలు. కానీ వాళ్ళ ఇళ్ళల్లో ఆ మాట వింటూ పెరిగినవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఇంకా వెనక్కి వెళితే మన పల్లెల్లో ఊరి పోలీసు పని చూసే పోలీస్ పటేల్ ఉండేవాడు. 1980లలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊళ్ళో ‘పోలీసు’ అనే మాటకి దొర మనిషి అనే అర్థం కూడా ఉండేది. తెలంగాణ జిల్లాల పోలీసు చట్టం పేరులోనే 1329 ఫస్లీ అని ఉంటుంది, అంటే నిజాం జమానాలో సుమారు 1920 నాటిది. కొత్త సంగతులకీ కొదవ లేదు. 2021లో అడ్డగూడూరులో దొంగతనం అనుమానంతో స్టేషన్‌కి తెచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. ఆ కేసులో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళని ఉద్యోగాల నుంచి తీసేశారు. 2023లో మెదక్‌లో గొలుసు దొంగ అనుకుని పట్టుకెళ్ళిన ఒక కూలీ, పోలీసులు కొట్టారని ఆసుపత్రి మంచం మీది నుంచే చెప్పి, ఆ తర్వాత చనిపోయాడు. అనుమానితులుగా స్టేషన్‌కి చేరేది ఎక్కువగా పేదవాళ్ళే. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళని ‘రండి, కూర్చోండి’ అంటారు. ఈ తేడా చూసి పెరిగిన పిల్లలకి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అదే జనం పూలు కూడా చల్లారు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు అక్కడ పోలీసుల మీద గులాబీ రేకులు చల్లారు, మిఠాయిలు పంచారు, ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు వేసిన సిర్‌పుర్‌కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో చెప్పి, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలని సిఫారసు చేసింది. పూలు చల్లినవాళ్ళు ఆ పదిమంది వెనక నిలబడటానికి వచ్చినట్టు నేను వినలేదు. ఆ పూలు చూసి మీ నాన్నలాంటి వాళ్ళు ఎంతమంది సంతోషించారో నాకు తెలియదు కానీ, నాకు ఆ రోజు భయం వేసింది. పోలీసు ఉన్నదే చట్టాన్ని కాపాడటానికి, ఆయన్ని మెచ్చుకున్నదేమో దాన్ని పక్కన పెట్టినందుకు. ఈరోజు వీడియో చూసి తిట్టే కుర్రాడు రేపు ఇంకో కేసులో ‘వీణ్ణి కాల్చిపారేయాలి’ అని అదే గ్రూపులో రాస్తాడు. ఆ కోపమూ, ఈ మెప్పూ రెండూ మీ నాన్నకి మేలు చేయవు.

మరి ఆయన పక్షాన మాట్లాడటం అంటే ఏమిటి? ఆయన మాట్లాడలేని విషయాలు మాట్లాడటం. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోలీసులు సంఘం పెట్టుకోకూడదు, పత్రికల ముందు నోరు విప్పకూడదు. అందుకే 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో బెటాలియన్ కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఇంటికి రాని మగవాళ్ళ కోసం, సెలవుల కోసం, అందరికీ ఒకటే పోలీసు వ్యవస్థ కోసం. ‘ఏక్ పోలీస్’ అన్నది వాళ్ళ నినాదం. వాళ్ళని అడ్డుకున్నది కూడా పోలీసులే. చివరికి బెటాలియన్ సిబ్బందిలో 39 మందిని సస్పెండ్ చేశారు, పదిమందిని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ రోజు ఆ ఆడవాళ్ళని చూసి నాకు ఏడుపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకి వీక్లీ ఆఫ్ అని ప్రకటించింది 2019లో. వారానికి ఒక రోజు సెలవు అనేది అప్పటికి ఒక వార్త అయింది, చూడు! మేడారం జాతరైతే రోజుల తరబడి, భద్రాచలం కల్యాణమైతే ఎండలో, ఎన్నికలైతే ఊరు కాని ఊళ్ళో. బందోబస్తు డ్యూటీ చేసినవాళ్ళు ఎక్కడ స్నానం చేశారో, ఎక్కడ పడుకున్నారో అడిగేవాళ్ళు లేరు. నిద్ర లేని మనిషి చేతిలో లాఠీ పెట్టి జనంలోకి పంపడం ఆ మనిషికీ మంచిది కాదు, జనానికీ మంచిది కాదు. దర్యాప్తు పనినీ శాంతిభద్రతల పనినీ వేరు చేయమని, పోలీసుల మీద ఫిర్యాదులకి ప్రత్యేకంగా ఒక అథారిటీ పెట్టమని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో చెప్పింది. అవి సరిగ్గా జరిగి ఉంటే నీ స్నేహితురాలి అన్నకీ మేలే, మీ నాన్నకీ మేలే. నువ్వు గ్రూపులో ఇవి రాయొచ్చు. కాకపోతే ఎవరో దెబ్బ తిన్న వీడియో కింద కాదు, వేరే రోజున రాయి.

ఇక ఆ ఫొటో పెట్టిన అబ్బాయి. అది అభిప్రాయం కాదు, మీ ఇంటికి దారి చూపించడం. పోలీసు ఇంటి చిరునామా నలుగురి చేతుల్లో పడితే ఏమవుతుందో మీ నాన్నకి నీకన్నా బాగా తెలుసు. కాబట్టి దీన్ని ఆయన దగ్గర దాచకు, ఈరోజే చెప్పు. తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకో. ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ పోస్టు తీయించమను. తీయకపోతే షీ టీమ్‌కో, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో నీ పేరు మీద ఫిర్యాదు చేయి. మామూలు ఆడపిల్ల ఎలా చేస్తుందో అలాగే. మీ నాన్న తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ కొట్టి, ఆ కుర్రాణ్ణి స్టేషన్‌కి పిలిపించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టడం చాలా సులువు. దయచేసి అది జరగనివ్వకు. ఆయన కోపంలో అంటే నువ్వే కాళ్ళు పట్టుకుని ఆపు. అలా జరిగితే నీ స్నేహితురాలికి జరిగినదే ఇంకో ఇంట్లో మొదలవుతుంది, ఈసారి నీ కోసం. తిట్టినవాళ్ళ మీద మాత్రం ఫిర్యాదు పెట్టకు. మామూళ్ళ మాట అన్నవాళ్ళని వదిలేయి. నెల రోజులు ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టుకో. టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలేది నువ్వు ఎవరికీ చెప్పని ఆ ప్రశ్న. నిజానికి నువ్వు ఉత్తరం రాసింది దాని కోసమేనని నాకు అనిపించింది. గ్రూపులో అంత గట్టిగా వాదించావే, అందులో కొంత నీకు నువ్వు చెప్పుకున్నదే.

నాన్న ఎప్పుడైనా కొట్టాడా? నాకు తెలియదు తల్లీ. కొట్టకుండానే అన్నేళ్ళ సర్వీసు చేసిన పోలీసులు ఉన్నారు. పై ఆఫీసరు ‘రికవరీ ఏది’ అని గద్దిస్తే చేయి లేపినవాళ్ళూ ఉన్నారు. పక్క గదిలో అరుపులు వినబడుతుంటే రైటర్ బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్ రాసుకున్నవాళ్ళు అందరికన్నా ఎక్కువ ఉంటారని నా అనుమానం. మా ఇంటికి సైకిల్ మీద వచ్చినాయన కూడా బహుశా వాళ్ళలో ఒకడే. ఆపలేకపోయాడు, కబురు మాత్రం మోసుకొచ్చాడు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని మన చట్టం 1872 నుంచీ చెబుతోంది, కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే ఉంది. అంటే కొట్టి చెప్పించిన ఆ మాట కేసుకి కూడా పనికిరాదు. అయినా కొడతారు. అది తప్పు. మీ నాన్న చేసి ఉన్నా తప్పే. ఆ మాట అనడానికి నువ్వు ఆయన్ని ప్రేమించడం మానేయక్కర్లేదు.

అడుగు. కానీ క్లాసువాళ్ళ తరఫున అడగకు, వీడియో చేతిలో పెట్టి అడగకు. ఆయన ‘లేదు’ అంటే సంతోషించు. ‘ఔను’ అంటే, ఆయన చెబుతున్నంతసేపు మధ్యలో మాట్లాడకు. ‘అప్పుడు పరిస్థితి అలాంటిది’ అని ఆయన అంటే ‘నిజమే నాన్నా’ అని వెంటనే సర్దిచెప్పకు, వాదనకీ దిగకు. ఆయన్ని ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఇది అడిగి ఉండరు.

అక్టోబర్ 21కి వెళ్ళు, సాకులు చెప్పకు. ఆ రోజు ఎందుకు జరుపుతారో నీకు చెప్పే ఉంటాడు. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయిన రోజు అది. ఏటా ఆ రోజున, గడిచిన ఏడాదిలో దేశమంతటా డ్యూటీలో చనిపోయిన పోలీసుల పేర్లు చదువుతారు. నువ్వు అక్కడ నిలబడితే ఆ వీడియోలో కొట్టినాయన్ని ఒప్పుకున్నట్టు కాదు, నీ స్నేహితురాలికి ఎదురు నిలిచినట్టూ కాదు. మీ నాన్నతో కలిసి పనిచేసి పోయినవాళ్ళ పేర్లు అందులో ఉండొచ్చు. అమ్మని కూడా తీసుకెళ్ళు, ఆ రోజైనా ఆమె తలెత్తుకుని నిలబడుతుంది.

పరేడ్ అయ్యాక అమ్మని ఆటోలో పంపించి, నువ్వు నాన్న బండి ఎక్కు. ఆ ప్రశ్న దారిలో వెనక కూర్చుని అడుగు. బండి మీద ఒకరి ముఖం ఒకరికి కనబడదు.